తాగుడు మానిపించే సెంటరులో చేర్చేముందు, చేర్చాక: రాయగడ వైపు కుటుంబాల కోసం

ఒడిశాలోని రాయగడ బజారులో నాది మందుల దుకాణం. వారానికి ఇద్దరైనా వస్తారు. కౌంటరు దగ్గర జనం పలచబడేదాకా పక్కన నిలబడి, అప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు: "మంచి సెంటరు ఏదైనా ఉంటే చెప్పండి బాబూ." గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి ఫోన్లూ వస్తాయి. అడిగేది ఎక్కువగా తల్లులు, చెల్లెళ్లు.

నేను డాక్టరును కాను. మా అన్నయ్యను రెండుసార్లు చేర్చాను. మొదటిసారి ఏమీ తెలియక, రెండోసారి దెబ్బతిన్న తెలివితో. సెంటరు పేరు మాత్రం ఎవరికీ చెప్పను. ఈ ఏడాది బాగున్న చోట డాక్టరు మారిపోతే వచ్చే ఏడాదికి అది వట్టి గోడలే. పేరుకు బదులు ఏం అడగాలో, ఏం చూడాలో చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- చేర్చబోయే మనిషి ఆధార్, మీ ఆధార్. పేరు, చిరునామా రెండింటిలో సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒడిశా చిరునామాతో విశాఖ వెళితే అక్కడి రాష్ట్ర పథకాలు మనకు వర్తించవు.
- పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల ఖాళీ పట్టీలు.
- ఒక కాగితం మీద నాలుగు విషయాలు: ఏమి తాగుతాడు లేదా వాడతాడు, రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. సారా, జీలుగు కల్లు, గంజాయి, నిద్రమాత్రలు, దగ్గు మందు, ఏదీ దాచకుండా రాయండి. పరువు కోసం నిద్రమాత్రల సంగతి దాచిన ఇంటిలో మనిషి ప్రాణం మీదికి వచ్చింది.
- కనీసం మూడు నెలల ఖర్చు. వదినగారి గాజులు అమ్మే ముందు మూడో అంచెలోని ప్రభుత్వ దారి చదవండి. మెడిక్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి. చాలా పాలసీల్లో మద్యం, మత్తుమందుల అలవాటుకు చేసే చికిత్సను మినహాయించి ఉంటారు.
- నాలుగు జతల బట్టలు, దుప్పటి, కళ్లద్దాలు.
- మీకోసం ఒక నోటుపుస్తకం. ఎవరితో ఏ తేదీన ఏం మాట్లాడారో అందులో రాసుకోవాలి. ఈ నెలల్లో జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే పని జరగదు.

1. ముందు ఆసుపత్రి, తరువాతే సెంటరు

రోజూ పొద్దున్నే తాగనిదే చెయ్యి నిలవని మనిషి చేత ఒక్కసారిగా మందు ఆపిస్తే ఏమవుతుందో మన వైపు ప్రతి కార్తీక మాసంలోనూ చూస్తున్నాం. అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఇంట్లో అందరికీ సంబరం. రెండో రోజు భజనలో ఫిట్స్ వచ్చి పడిపోతాడు. స్వామి పరీక్ష అంటారు. అది పరీక్ష కాదు, మందుకు అలవాటు పడిన మెదడుకు మందు అందకపోవడం.

సమయాలు గుర్తుపెట్టుకోండి. చివరి గుక్క తరువాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, వాంతి మొదలవుతాయి. ఫిట్స్ రావడానికి ఎక్కువ అవకాశం మొదటి 48 గంటల్లో. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: లేని పురుగులు కనిపిస్తాయి, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడతారు, జ్వరం, గుండెదడ. ఇది దయ్యం కాదు. ఇక్కడ ఆలస్యం చేస్తే మనిషి చనిపోవచ్చు.

అందుకని మొదటి వారం డాక్టరు, నర్సు, రాత్రిపూట కూడా వైద్యం చేసే ఏర్పాటు ఉన్నచోటే గడవాలి. జిల్లా ప్రధాన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే మొదట అక్కడికి. లేదంటే కోరాపుట్‌లోని లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, బరంపురం వైపు వాళ్లకు ఎంకేసీజీ వైద్య కళాశాల, పార్వతీపురం మీదుగా రైలెక్కగలిగిన వాళ్లకు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల.

*హెచ్చరిక:* నీరసంగా ఉన్నాడని దారిలో ఎవరి చేతనో గ్లూకోజు ఎక్కించకండి. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిను (థయమిన్) తక్కువగా ఉంటుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "తాగుడు అలవాటు ఉంది, ముందు థయమిన్ ఇవ్వండి" అని మీరే నోరు తెరిచి చెప్పండి. డాక్టరు విసుక్కున్నా ఫరవాలేదు.

గంజాయి సంగతి వేరు. మల్కనగిరి, కోరాపుట్ కొండల నుంచి వచ్చే సరుకు మన పిల్లలకు చవకగా దొరుకుతుంది. ఆపితే ప్రాణం మీదికి రావడం అరుదు. కానీ చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం మొదటి వారంలో బాగా ఉండి, రెండు వారాల దాకా సాగుతాయి. కొందరు కుర్రాళ్లకు ఎవరో తమను గమనిస్తున్నారన్న అనుమానం పట్టుకుంటుంది. అలా ఉంటే సైకియాట్రిస్టు చూడకుండా ఏ సెంటరులోనూ చేర్చకండి.

2. అసలు నెలల తరబడి ఉంచాలా?

అందరినీ ఉంచక్కరలేదు. వణుకు లేకుండా, ఉద్యోగానికి వెళుతూ, వారాంతంలో మాత్రం మితిమీరి తాగేవాడికి ఓపీలో మందులు, వారం వారం కౌన్సెలింగ్ సరిపోవచ్చు. ముందు అది చేసి చూడండి. కింది వాటిలో రెండు ఉంటే మాత్రం ఉంచి చేసే చికిత్స గురించి డాక్టరును అడగండి: ఇంటి దగ్గర రెండు మూడుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాడు; ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయి లేదా మతి తప్పింది; మందుతోపాటు ఇంకో మత్తు కూడా ఉంది; ఇంట్లో ఇంకొకరు తాగుతారు, లేదా ఇంటి పక్కనే సారా కాస్తారు; చచ్చిపోతానని అంటున్నాడు. ఈ చివరిది ఒక్కటే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఎన్నాళ్లు? పది రోజుల్లో ఒళ్లు తేలికపడుతుంది, మొహానికి కళ వస్తుంది. అది చూసి ఇంటికి తెచ్చేసుకుంటారు. చాలామంది చేసే తప్పు అదే. మత్తుమందుల మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా చెప్పే లెక్క ప్రకారం, చికిత్స 90 రోజులకు తక్కువైతే ఫలితం పరిమితం. ఆ 90 రోజులూ లోపలే గడవాలని లేదు; లోపల కొంత, బయట క్రమం తప్పని ఓపీ కొంత అయినా లెక్కలోకి వస్తుంది.

3. ఎక్కడ వెతకాలి, ఏ భాషలో?

మూడు దారులు ఉన్నాయి. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రి. రెండోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు. వీటి వివరాలు జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో అడగండి, లేదా 14446 కు ఫోన్ చేయండి. అది మత్తు మాన్పించే జాతీయ ఉచిత నంబరు. ఈ కేంద్రాల్లో ఎన్నాళ్లు ఉంచుతారో ముందే కనుక్కోండి. మీరు అనుకున్నంత కాలం ఉంచకపోవచ్చు. మూడోది ప్రైవేటు. ఇక్కడ మంచివీ ఉన్నాయి, అద్దె ఇంటికి ఇనుప గేటు పెట్టి సెంటరు అన్నవీ ఉన్నాయి.

భాష గురించి ఎవరూ అడగరు. నేను అడగమంటాను. మా అన్నయ్యకు బజారు ఒడియా బాగానే వచ్చు. బియ్యం బేరం చేస్తాడు, బస్సులో సీటు కోసం పోట్లాడతాడు. కానీ నాన్న పోయిన రాత్రి గురించి ఒడియాలో చెప్పలేడు. మొదటి సెంటరులో గ్రూపు కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ మాట్లాడమంటే, మూడు నెలలూ "భల అఛి" అని కూర్చున్నాడట. బాగానే ఉన్నాను అని. చార్టులో మాత్రం "సహకరిస్తున్నాడు" అని రాశారు. రెండోసారి కౌన్సెలరు తెలుగు మనిషి. రెండో వారానికే అన్నయ్య ఆయనతో దెబ్బలాడాడు. ఆ కబురు విని నాకు ఆశ కలిగింది.

కాబట్టి "ఇక్కడ తెలుగు వస్తుందా" అని కాదు, "ఇతనికి కౌన్సెలింగ్ చేసే మనిషి ఎవరు, ఆయనతో నేను ఇప్పుడు రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడవచ్చా" అని అడగండి. గేటు దగ్గర కాపలావాడికి తెలుగు వస్తే మనకు ఒరిగేదేమీ లేదు. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తేలిక. కానీ మీరు నెలకు రెండుసార్లు వెళ్లి రాగలిగిన దూరమే ఎంచుకోండి. మరీ దూరాన వదిలేస్తే మనం వెళ్లం. వెళ్లకపోతే లోపల ఏం జరుగుతుందో తెలియదు.

4. కబురు చేయకుండా, భోజనం వేళకు వెళ్లి చూడండి

ఈ ఒక్క అంచె వదిలేస్తే మిగతావన్నీ వృథా. మొదటిసారి నేను ఫోటోలు చూసి, ఫోనులో మాట్లాడి డబ్బు కట్టాను. ఆ ఫోటోల్లో తోట ఉంది. తరువాత తెలిసింది, తోట పక్కింటివాళ్లదట.

రెండోసారి ఒక చోట మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లాను. వరండాలో పదిహేనుమంది నేల మీద కూర్చుని తింటున్నారు. అందరికీ గుండ్లు. తిరుపతి వెళ్లి వచ్చారా అని అడిగితే వార్డెన్ నవ్వాడు. తాళంచెవుల గుత్తి మొలకు కట్టుకుని ఉన్నాడు. నేను ఉన్న అరగంటలో ఎవ్వరూ తలెత్తి నా వైపు చూడలేదు, పక్కవాడితో మాట్లాడలేదు. అక్కడి నుంచి వచ్చేశాను. ఇంకో చోట వెళ్లేసరికి ఇద్దరు కూర తరుగుతూ, ఉప్పు ఎక్కువైందని మూడోవాణ్ని తిడుతున్నారు. ఒకాయన లేచి వచ్చి, "ఎవరి కోసం వచ్చారు?" అని నన్నే అడిగాడు. అన్నయ్యను అక్కడే చేర్చాను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది. బలవంతంగా గుండు గీయకూడదు. గొలుసుతో కట్టకూడదు. ఇష్టం లేకుండా పని చేయించకూడదు, చేసిన పనికి డబ్బు ఇవ్వాలి. తన బట్టలు తాను వేసుకోవచ్చు. తగిన వేళల్లో ఇంటివాళ్లతో ఫోనులో మాట్లాడే, వాళ్లను కలిసే హక్కు ఉంది. ఇవన్నీ మొహమాటం లేకుండా అడగవచ్చు.

చూడాల్సినవి, అడగాల్సినవి:

- రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన నమోదు పత్రం. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే అది ఇది కాదు. పత్రం మీది చిరునామా, మీరు నిలబడిన చోటు ఒకటేనా, గడువు ఉందా?
- సైకియాట్రిస్టు ఏ రోజు వస్తారు? పోయిన వారం వచ్చినట్టు రిజిస్టరులో సంతకం ఉందా?
- రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకెళతారు? దీనికి టక్కున సమాధానం రాకపోతే లేచి వచ్చేయండి.
- రోజు ఎలా గడుస్తుంది? గోడ మీది పట్టిక వద్దు, నిన్న సాయంత్రం నాలుగింటికి ఏం చేశారో చెప్పమనండి.
- మరుగుదొడ్డికి లోపల గడియ ఉందా, కిటికీలు తెరుచుకుంటాయా, నిప్పు అంటుకుంటే బయటికి దారి ఏది?
- నెల ఫీజులో మందులు, పరీక్షలు కలిసి ఉన్నాయా? మధ్యలో తీసుకెళితే ఎంత వెనక్కి ఇస్తారు? రాసి ఇమ్మనండి.

"వంద శాతం గ్యారంటీ" అన్నవాణ్ని నమ్మకండి. మధుమేహానికి గ్యారంటీ ఇచ్చే డాక్టరు ఉన్నాడా?

5. ఎత్తుకెళ్లకండి, ఒప్పించండి

కొన్ని సెంటర్లవాళ్లు ఒక జీపు, నలుగురు మనుషులను పంపుతామంటారు. రాత్రి వచ్చి, చేతులు కట్టి తీసుకెళతారు. దానికి విడిగా చార్జీ. మేమూ అదే చేశాం. పిల్లలు చూస్తుండగా చేశాం. అన్నయ్య తాగుడు గురించి ఇప్పుడు మాట్లాడతాడు కానీ ఆ రాత్రి గురించి మాట్లాడడు. చట్టం ప్రకారమూ అది చెల్లదు. మనిషి తనంతట తాను ఒప్పుకుని చేరడమే సాధారణ పద్ధతి. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే అతను తనకో ఇతరులకో హాని చేసే స్థితిలోనో, తనను తాను చూసుకోలేని స్థితిలోనో ఉండాలి. సైకియాట్రిస్టుతో పాటు ఇంకొక నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించి ఆ మాట చెప్పాలి, అతని నామినేటెడ్ ప్రతినిధి (చట్టప్రకారం అతని తరఫున నిలబడే మనిషి) దరఖాస్తు చేయాలి. అప్పుడైనా మొదట 30 రోజుల వరకే. ఆ పైన ఉంచాలంటే మళ్లీ పరీక్షలు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి. "ఆరు నెలలు మా దగ్గర పడేయండి, మేం చూసుకుంటాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

ఒప్పించడానికి పని చేసినవి చెబుతాను. తాగి ఉన్నప్పుడు ఒక్క మాటా అనకండి. పొద్దున వణుకుతో లేచి, సిగ్గుపడే ఆ గంట ఉంటుంది చూడండి, అప్పుడు. పదిమందిని పోగుచేయకండి, అతను లెక్కచేసే ఒక్కరు చాలు. మా ఇంట్లో ఆ ఒక్కరు మేనమామ. "ఒరేయ్, నీ చెయ్యి చూడు" అన్నారంతే. "జన్మలో తాగను" అని మజ్జిగౌరమ్మ గుడిలో ఒట్టు వేయించకండి. అన్నయ్య అమ్మవారి ముందు మూడుసార్లు వేశాడు. ఒట్టు తప్పిన ప్రతిసారీ ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి ఇంకాస్త తాగాడు. "పది రోజులు ఆసుపత్రిలో ఉండు, తరువాత సంగతి అప్పుడు మాట్లాడుకుందాం" అని చిన్నగా అడగండి. నిజంగానే పదో రోజున మాట్లాడండి.

కుర్రాడు గంజాయి కేసు భయంతో ఆసుపత్రికి రానంటే, మత్తుమందుల చట్టంలో 64ఎ అనే సెక్షను ఉందని చెప్పండి. తక్కువ పరిమాణానికి సంబంధించిన కేసుల్లో, వాడే అలవాటు ఉన్న మనిషి ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మకం కేసులకు ఇది పనికిరాదు. కేసు ఉంటే ముందు వకీలును కలవండి.

6. చేర్చే రోజు

దారిలో అడ్డం తిరుగుతాడేమోనని బస్సెక్కే ముందు తాగించకండి. అలాగని తాగనివ్వకుండా ఎనిమిది గంటలు ప్రయాణమూ చేయించకండి. ఆసుపత్రి నుంచి నేరుగా సెంటరుకు వెళ్లేలా చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

కాగితాలు అతని చేత చదివించి, అతని చేతనే సంతకం పెట్టించండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి. ఖాళీ కాగితం మీద, తేదీ లేని ఫారం మీద సంతకం వద్దు. ఒంటి మీద పాత దెబ్బలు, మచ్చలు ఉంటే చేరికప్పుడే రాయించండి, తరువాత కొత్త దెబ్బ కనిపిస్తే తేడా తెలుస్తుంది. ప్రతి రూపాయికి రసీదు.

7. లోపల ఉన్నన్నాళ్లు

రెండో వారం నుంచి ఫోన్లు వస్తాయి. "ఇక్కడ చచ్చిపోతాను, తీసుకెళ్లు." "తిండి కుక్క కూడా తినదు." "నన్ను కొడుతున్నారు." ఇందులో మత్తు కోసం తహతహ ఎంత, నిజం ఎంత? ఎక్కువమంది ఇక్కడే రెండు వైపులా తప్పు చేస్తారు. కొందరు మొదటి ఫోనుకే పరుగెత్తి తెచ్చేసుకుంటారు. కొందరు "అన్నీ నాటకాలు, తాగుబోతు మాటలు" అని కొట్టిపారేస్తారు. నేను రెండో రకం. మొదటి సెంటరులో అన్నయ్య ఎడమ చెవి దగ్గర దెబ్బ తగిలిందని చెప్పినప్పుడు వార్డెన్ మాటే నమ్మాను. ఇప్పటికీ ఆ చెవి సరిగా వినపడదు.

తేల్చుకునే పద్ధతి ఇది. "బాగాలేదు, తీసుకెళ్లు" అని మాత్రమే అంటే, అవునని గాని కాదని గాని చెప్పకుండా వినండి, ఆదివారం వస్తానని చెప్పి ఆదివారమే వెళ్లండి. ఎవరు, ఎప్పుడు, దేనితో అని వివరం చెబితే అదే రోజు బయలుదేరండి. వెళ్లాక అతన్ని విడిగా, వార్డెన్ లేకుండా, గేటు బయట చెట్టు కిందనైనా కలవనివ్వమనండి. చొక్కా విప్పించి వీపు చూడండి. విడిగా కలవనివ్వం అంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే. రాష్ట్ర ప్రాధికార సంస్థకో, జిల్లా న్యాయ సేవల సంస్థకో ఫిర్యాదు చేయవచ్చు. మనిషిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి దెబ్బలు రాయించాలి.

తనంతట తాను చేరినవాడు వెళ్లిపోతానంటే పంపాల్సిందే. డాక్టరుకు ప్రమాదం అనిపిస్తే పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు, అంతే. అందుకే తలుపుకు తాళం ఎంత గట్టిదని చూడకండి. లోపల ఉండాలనిపించే మనుషులు ఉన్నారా అని చూడండి.

8. అతను అక్కడ ఉండగా ఇక్కడ చేయాల్సినవి

దీనికి ఎవరూ సమయం ఇవ్వరు. వీలున్నంతవరకు మొదటి నెలలోనే మొదలుపెట్టండి. ఇంట్లో సీసా, చిలుం, మిగిలిన నిద్రమాత్రలు తీసేయండి. అటక మీద, బియ్యం డబ్బా వెనక, బండి సీటు కింద వెతకండి. అప్పులవాళ్ల జాబితా రాసి, ఎవరికి ఎప్పుడు ఇవ్వగలరో ఒక మాట చెప్పి ఉంచండి. రైలు దిగిన రోజే అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆయన భార్యకు కూడా వినే మనిషి కావాలి. 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఇంటివాళ్లూ చేయవచ్చు. మా వదిన మొదటిసారి ఫోన్ చేసి నలభై నిమిషాలు ఏడ్చింది, తరువాత వంట చేసింది.

పని గురించి ముందే ఆలోచించండి. కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలి శనివారం సాయంత్రం చేతికి నగదు ఇస్తారు, అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారిలో రెండు దుకాణాలు. మేస్త్రీతో మాట్లాడి కూలి బ్యాంకు ఖాతాలో వేయించాం. అదేమీ పెద్ద ఉపాయం కాదు కానీ మొదటి నెల పని చేసింది.

9. బయటికి వచ్చాక

డిశ్చార్జ్ రోజున నాలుగు లేకుండా గేటు దాటకండి: చికిత్స సారాంశం, మందుల చీటీ, మొదటి ఓపీ తేదీ (వారం లోపు), ఇబ్బంది వస్తే ఫోన్ చేయాల్సిన కౌన్సెలరు నంబరు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు దగ్గరలో ఎక్కడ జరుగుతాయో అడగండి. డబ్బు తీసుకోరు, పేరు పూర్తిగా చెప్పక్కరలేదు.

*ప్రాణం మీదికి తెచ్చే రెండు తప్పులు:*

మొదటిది. బ్రౌన్ షుగరు (హెరాయిన్), మత్తు ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు వాడినవాడు నెలల తరువాత బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే, శరీరం ఇప్పుడు దానికి తట్టుకోదు. ఊపిరి ఆగిపోతుంది. ఈ మాట అతనితో సూటిగా చెప్పండి. చెబితే మళ్లీ గుర్తు చేసినట్టవుతుందని భయపడకండి.

రెండోది. "అన్నంలో కలిపే పొడి ఇవ్వండి" అని నా కౌంటరు దగ్గర అడుగుతారు. నేను ఇవ్వను. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు మీద ఉన్నవాడు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడు చనిపోవచ్చు. అతనికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పినట్టు వేసుకుంటే అది మంచి మందే. దొంగతనంగా కలిపితే విషం. ఆపేసిన తరువాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. ఆల్కహాలు ఉండే దగ్గు సిరప్ కూడా పడదు. సంతలో అమ్మే పేరులేని పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నోరు వాసన చూడటం, జేబులు తడమటం మానేయండి. కాలేయం స్థితి తెలిపే జీజీటీ రక్తపరీక్ష డాక్టరు చెప్పినప్పుడు చేయించండి. తాగుడు ఆగితే వారాల్లో దిగుతుంది, ఇతర కాలేయ జబ్బులు ఉంటే మాత్రం దాన్నొక్కదాన్నే నమ్మలేం. మిగతాది ఇంట్లోనే కనిపిస్తుంది. నిద్ర వేళకు పడుతోందా? ఓపీకి మీరు గుర్తు చేయకుండా బయలుదేరుతున్నాడా? "నిన్న సాయంత్రం తాగాలనిపించింది" అని మీతో చెప్పగలుగుతున్నాడా? ఇది చెప్పిన రోజున మీరు కంగారుపడితే, ఇంకెప్పుడూ చెప్పడు.

మా ఇంట్లో అన్నయ్యకు టీ గ్లాసు సగం వరకే పోసేవాళ్లం, చెయ్యి వణికి ఒలికిపోయేది కాబట్టి. రెండోసారి వచ్చిన ఆరో వారంలో వదిన అలవాటు కొద్దీ సగమే పోస్తే, "నాకేం, పాలు తక్కువయ్యాయా?" అన్నాడు.

మళ్లీ తాగవచ్చు. అన్నయ్య కూడా తాగాడు, వచ్చిన నాలుగో నెలలో, మేనల్లుడి పెళ్లిలో. ఆ రాత్రి ఏమీ అనకండి, తలుపు మూసేయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి చూస్తూ ఉండండి. పొద్దున నోటుపుస్తకం తీసి మూడు రాయండి: ఎంత, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది. కౌన్సెలరుకు ఫోన్ చేయండి. ఒక రోజు తాగి ఆపేసినవాడికి మళ్లీ సెంటరు అక్కరలేకపోవచ్చు. వరుసగా నాలుగైదు రోజులు తాగినవాడి చేత మాత్రం ఇంట్లో ఆపించకండి, మొదటి అంచెకు వెళ్లండి. ఓపీ చీటీ తొందరగా తీసుకోవాలంటే తెల్లవారే బయలుదేరాలి. టిఫిను కట్టుకుని వెళ్లండి, వరుస పెద్దగా ఉంటుంది.